తినే గుడ్డు, పొదిగే గుడ్డు

పశువైద్యురాలు: పొదుగు వేసిన గుడ్లలో సగం మురిగిపోతే ఊళ్లో అందరూ పుంజునే తప్పుపడతారు. నేను మాత్రం ముందు పెట్ట ఏం తింటోందని అడుగుతాను పిన్నీ. గుడ్డు పెట్టడానికి పెట్టకు కొంత పోషణ కావాలి. ఆ గుడ్డులోంచి పిల్ల దిగాలంటే అంతకు మించిన పోషణ కావాలి. రైబోఫ్లేవిన్ అనే బి2 విటమిన్ తక్కువైనా పెట్ట గుడ్లు పెట్టడం మానదు. పెంకు గట్టిగానే ఉంటుంది, సొన బాగానే ఉంటుంది, అట్టు వేసుకుంటే రుచిలో తేడా తెలియదు. అదే గుడ్డును పొదుగులో పెడితే రెండో వారంలో పిల్ల లోపలే చనిపోతుంది. ఎలాగో దిగినా కాలివేళ్లు లోపలికి ముడుచుకుపోయి నడవలేదు. గుడ్లు వస్తున్నాయి కదా, మేత సరిపోతున్నట్టే అనుకోవడం దగ్గరే మనం మోసపోతున్నాం.

పెంపకందారు: అది గదిలో మూసి నూకలు పోసే కోడికి వచ్చే లోపం డాక్టరమ్మా. పొద్దున గంప ఎత్తగానే బయటపడి చీకటి పడేదాకా పెంటకుప్ప గీకే కోడికి ఎందుకొస్తుంది? గడ్డి చివుళ్లు, చెదలు, వానపాములు, మిడతలు, పేడలో పురుగులు, ఇవన్నీ దానికి దొరుకుతాయి. మనం తినలేనివాటిని తిని మనం తినేదాన్ని ఇస్తుంది, పెరటి కోడి విలువంతా అందులోనే ఉంది. దాని ముందు కొన్న దాణా పోస్తే లెక్క తిరగబడుతుంది. కడుపునిండా తినే పెట్టకు రోజుకు 110 గ్రాములు, ఏడాదికి 40 కిలోలు కావాలి. నాటు పెట్ట ఏడాదంతా కలిపి పెట్టేది 60 గుడ్లు. గుడ్డుకు 650 గ్రాముల పైనే దాణా పడుతుంది. అంత మేతకు ఫారం కోడి నాలుగైదు గుడ్లు పెడుతుంది. ఆ పోటీలోకి నన్ను దింపకండి.

పశువైద్యురాలు: మీ లెక్కలో తప్పు లేదు. అయితే నేను కడుపునిండా పోయమనడం లేదు. సాయంత్రం గూటికి చేరేముందు 30 నుంచి 40 గ్రాములు పెట్టమంటున్నాను, ఏడాదికి 11 నుంచి 15 కిలోలు. అదైనా ఎందుకంటే, మీరు చెబుతున్న పెరడు ఎన్ని ఇళ్లలో మిగిలింది? వరికోత యంత్రాలు వచ్చాక ఇళ్ల దగ్గర కళ్లాలు లేవు, వాటితో పాటు కోళ్లు ఏరుకునే గింజలూ పోయాయి. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లు తగ్గాయి, పేడ తగ్గింది, అందులో పురుగూ తగ్గింది. వాకిలి సిమెంటు అయింది. గట్ల మీద కలుపు మందు, చేలో పురుగుల మందు. పక్కింటివాళ్లతో తగవులనీ, కుక్కలు పడతాయనీ కోళ్లను సగం రోజు మూసే ఉంచుతున్నారు. చాలా పెరళ్లలో కోడికి దొరుకుతున్నది రేషన్ బియ్యం నూకలు, మిగిలిపోయిన అన్నం. పాలిష్ పట్టిన బియ్యంలో బి2 ఎంత ఉంటుంది?

పెంపకందారు: పెరడు చిక్కిపోయిందన్నది నిజమే, కాదనను. అయితే ముందు చేయాల్సింది ఆ పెరటిని తిరిగి తెచ్చుకోవడమే, బస్తా కొనడం తర్వాత. పాత కుండలో తడిపిన గడ్డి, పేడ కూరి, చెదలున్న చోట రాత్రి బోర్లిస్తే పొద్దుటికి పిల్లలకు పిడికెడు చెదలు దొరుకుతాయి. ఇంటి వెనక ములగచెట్టు కొమ్మ విరిచి వేస్తే ఈనెలు తప్ప ఏమీ మిగలదు. తోటకూర కాడలు, మజ్జిగ తేట, చిన్న గుంతలో పెంచే అజొల్లా అనే నీటి మొక్క, వీటిలో దేనికీ డబ్బు కట్టక్కర్లేదు. మీరన్న బి2 ఆకుకూరల్లోనూ మజ్జిగలోనూ ఉందని మీరే చెబుతారు కదా.

పశువైద్యురాలు: ఉంది. ములగాకు మీద నాకు నమ్మకం ఎక్కువే. అజొల్లా దగ్గర మాత్రం జాగ్రత్తగా మాట్లాడాలి. ఎండబెట్టి తూస్తే అందులో అయిదో వంతుకు పైగా మాంసకృత్తులు ఉన్నాయన్నది నిజం. కానీ మనం వేసేది పచ్చి అజొల్లా, అందులో నూటికి తొంభై పాళ్ల పైన నీళ్లే. వంద గ్రాముల పచ్చి అజొల్లా తింటే పెట్టకు అందే మాంసకృత్తులు ఒకటి, ఒకటిన్నర గ్రాములు. ఒక్క గుడ్డులో అది పోయాల్సింది ఆరు గ్రాములు. పచ్చిమేత విటమిన్లు ఇస్తుంది, మాంసకృత్తుల లోటు తీర్చదు. ఆ లోటు పురుగో, చెక్కో, చేపపొట్టో తీర్చాలి. వానాకాలంలో మీ పెరడు ఆ పని చేస్తుంది. మార్చి నుంచి జూన్ దాకా చేయలేదు.

ఇంకో మాట. కొన్నది కాదు కదా అని వేసే మేతలో కొంత మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. మిల్లు నుంచి తెచ్చిన తవుడు కొద్ది రోజులకే నూనె చెడి చేదు వాసన కొడుతుంది. అలా చెడిన కొవ్వు విటమిన్ ఇ ని తినేస్తుంది. పుంజు వీర్యానికీ, గుడ్డులో పిండం మొదటి నాలుగు రోజులు బతకడానికీ ఆ విటమినే ఆధారం. బూజు పట్టిన మొక్కజొన్న, ముక్కిపోయిన వేరుశనగ చెక్క మనం తినం, పారబోయడం ఎందుకని కోళ్లకు వేస్తాం. వాటిలో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. ఎండబెట్టినా ఉడికించినా అది పోదు. కాలేయాన్ని దెబ్బతీస్తుంది, గుడ్లు తగ్గిస్తుంది, పిల్లలు దిగడం తగ్గిస్తుంది. కోడికి అన్నీ తెలుసనుకుంటాం. ఆ విషాన్ని అది పసిగట్టలేదు.

పెంపకందారు: బూజు మాట ఒప్పుకుంటున్నాను. మనిషి నోట పెట్టని గింజ కోడికీ వేయకూడదు, ఆ అలవాటు మా ఇళ్లలో ఉంది, మానుకోవాల్సిందే. కానీ ఇప్పటిదాకా మీరు గుడ్లు మేత వల్లే చెడ్డాయని అనుకుని మాట్లాడుతున్నారు, అలా అని తేల్చలేదు. నేను చూసే లెక్క వేరు. సంక్రాంతికి ముందు పుంజుకు మంచి ధర. బరువైనది, నిగనిగలాడేది, గట్టిగా కూసేది అన్నింటికంటే ముందు పోతుంది. పండగ దాటాక పెరట్లో మిగిలేవి నాలుగు నెలల పిల్ల పుంజులు, లేదా ఎవరూ కొనని కుంటిది. చలి తగ్గేసరికి పెట్టలు గుడ్లకు వస్తాయి, పొదుగుకు కూర్చుంటాయి. ఆ గుడ్లు మురిగిపోతే పెట్ట తిన్న నూకలది తప్పా, తొక్కే పుంజు లేకపోవడం తప్పా?

పశువైద్యురాలు: ఇది బలమైన మాట పిన్నీ. దానికి శరీరధర్మం కూడా తోడుంది. పెట్ట కడుపులో, గుడ్డు వచ్చే దారిలో వీర్యాన్ని దాచుకునే సన్నని గొట్టాలు ఉంటాయి. ఒకసారి పుంజు తొక్కితే రెండో రోజు నుంచి దాదాపు రెండు వారాల దాకా పిల్ల కట్టే గుడ్లు వస్తాయి. అందుకే పుంజును అమ్మిన మర్నాడే తేడా తెలియదు. జనవరి నెలాఖరు దాకా గుడ్లు బాగానే ఉంటాయి, తర్వాత పెట్టినవన్నీ వట్టివే. వేసవిలో పిల్ల లేదని ఎండను తిడతాం, దాని కారణం పండగ ముందే సంతలో అమ్ముడైపోయి ఉంటుంది.

కానీ అన్ని గుడ్లూ ఒకే కారణంతో చెడవు. తేల్చే పద్ధతి ఉంది. పొదుగు వేసిన ఏడో రోజు రాత్రి సెల్‌ఫోన్ లైటు మీద గుడ్డు పెట్టి చూడండి. లోపల సాలెగూడులా నెత్తుటి దారాలు కనిపిస్తే పిల్ల పెరుగుతోంది. ఏమీ లేకుండా తేటగా ఉంటే ఎక్కువ సార్లు పుంజు లోపమే, కొద్ది సార్లు మొదటి రోజుల్లోనే పోయిన పిండం. ఎర్రటి ఉంగరం కనిపిస్తే పిండం మొదలై చచ్చిపోయింది. అక్కడ పుంజు పని చేసింది. గుడ్డు దాచిన తీరో, వేడో, పెట్ట పోషణో తప్పింది. ఇరవై ఒక్క రోజులూ గడిచాక పగలగొడితే నిండా పెరిగిన పిల్ల చచ్చి కనిపిస్తే పొదుగులో తేమ, పోషణ, దగ్గరి చుట్టరికం, వీటిలో ఏదో ఒకటి. మురిగిన గుడ్లన్నీ ఒకే కుప్పలో పోసి పుంజును తప్పుపట్టడం గానీ, దాణాను తప్పుపట్టడం గానీ రెండూ తొందరపాటే. అందులో నేనూ మీరూ ఇద్దరం ఉన్నాం.

పెంపకందారు: ఆ చూపు నాకు నచ్చింది. మేం చెవి దగ్గర పెట్టి ఊపి చూస్తాం, అప్పటికే కుళ్లిపోయినది మాత్రమే తెలుస్తుంది. అయితే మీరన్న ఎర్ర ఉంగరం ఎండాకాలంలోనే ఎక్కువగా కనిపించాలి. చైత్ర, వైశాఖాల్లో పొదుగు వేయకూడదని పెద్దవాళ్లు అనేది అందుకే.

పశువైద్యురాలు: వాళ్ల అనుభవం సరైనదే. గుడ్డు పెట్ట కడుపులో ఉన్న ఒక రోజులోనే పిండం వేల కణాలుగా విడిపోతుంది, ఎందుకంటే కోడి ఒంటి వేడి 41 డిగ్రీలు. గుడ్డు బయటపడి 20 డిగ్రీలకు దిగితే పిండం నిద్రపోతుంది, పొదుగు కింద మళ్లీ లేస్తుంది. మన మే నెల గదిలో పగలు 38, రాత్రి 30. పిండం నిద్రపోదు, సరిగా పెరగనూ పెరగదు, నాలుగైదు రోజుల్లో చచ్చిపోతుంది. మీరు వారం పాటు గుడ్లు పోగుచేసి పొదుగు వేస్తే అందులో ముందు పెట్టినవి అప్పటికే చచ్చినవి.

పెంపకందారు: అందుకే కుండలో ఇసుక పోసి, తడిపి, పైన మరో మూకుట్లో గుడ్లు పెట్టి గుడ్డ కప్పుతాం, నీడలో. సన్నకొన కిందికి, వెడల్పు పైకి. కడగం. ఏడు రోజులు దాటిన గుడ్డు కూరలోకే.

పశువైద్యురాలు: ఇంతకంటే నేను చెప్పగలిగేది లేదు. ఒక్కటే జోడిస్తాను. తడి ఇసుక తెలంగాణలో, రాయలసీమలో బాగా చల్లబడుతుంది, గాలి పొడిగా ఉంటుంది కాబట్టి. కోస్తాలో ఉక్కపోత రోజుల్లో నీరు ఆరదు, కుండ చల్లబడదు. అక్కడ వేసవిలో పొదుగు వేయకుండా ఆ గుడ్లు ఇంట్లో తినడమే మేలు.

పెంపకందారు: చూశారా? పుంజు లేకపోవడం ఒకటి, ఎండ ఒకటి, గుడ్డు దాచడం ఒకటి. మూడింటికీ బస్తా దాణా అక్కర్లేదు.

పశువైద్యురాలు: ఆ మూడూ సరిదిద్దాక మిగిలే లోటు గురించే నా వాదన. అయినా పుంజు దగ్గరే ఇంకాసేపు నిలబడదాం, ఎందుకంటే మీ బలమూ మీ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి. రైతు విత్తనానికి చేలో అన్నిటికంటే నిండైన కంకిని విడిగా కోసి దాస్తాడు. అదే ఇంట్లో కోళ్ల దగ్గరికి వచ్చేసరికి అన్నిటికంటే మంచి పుంజును సంతకు పంపి, అమ్ముడుపోనిదాన్ని వంశానికి ఉంచుతాం. ఏటా ఇదే జరిగితే మంద ఏమవుతుంది? పైగా మిగిలిన ఆ పుంజు ఆ పెట్టల కొడుకో, తమ్ముడో అయి ఉంటుంది. దగ్గరి రక్తం కలిసేకొద్దీ గుడ్లు కట్టడం తగ్గుతుంది, కట్టినవీ పొదుగులో చస్తాయి, దిగిన పిల్లలు నీరసంగా ఉంటాయి.

పెంపకందారు: తెలియక అమ్ముతున్నామా డాక్టరమ్మా? పండగ ముందు మంచి పుంజు తెచ్చే డబ్బు ఒక పిల్లాడి బడి ఖర్చు. ఆ పుంజును ఉంచుకుంటే మేలు జరిగేది వచ్చే ఏడు. అది పక్కింటి పెట్టలనూ తొక్కుతుంది, ఆ మేలు వీధంతా పంచుకుంటుంది, నష్టం మాత్రం నాదొక్కదానిదే. అందుకే ఎవరికి వాళ్లు పక్కింటి పుంజు ఉందిలే అనుకుంటారు, చివరికి వీధిలో పుంజే ఉండదు. ఎనిమిది, పది పెట్టలకు ఒక్క పుంజు చాలు. నాలుగిళ్లు కలిసి ఒక్కదాన్ని నిలుపుకోవచ్చు. ఏడాదికోసారి పక్క ఊరి చుట్టాలతో పుంజును మార్చుకోవచ్చు. దాణా గిన్నె గురించి ఇంటింటికీ చెప్పేవాళ్లు ఉన్నారు, ఈ పని గురించి చెప్పేవాళ్లు లేరు.

పశువైద్యురాలు: ఒప్పుకుంటున్నాను, అది మా వైపు లోపం. మార్చుకునేటప్పుడు మాత్రం రెండు జాగ్రత్తలు. కొత్త పుంజును తెచ్చిన రోజే మందలో వదిలితే కొక్కెర తెగులు దానితో పాటు రావచ్చు. రెండు మూడు వారాలు వేరే ఉంచి, టీకా వేయించి కలపాలి. కలిపాక కూడా రెండు, మూడు వారాలు ఆగి గుడ్లు పొదుగు వేయాలి. పెట్టలో పాత పుంజు బీజం ఇంకా ఉంటుంది కాబట్టి, ముందే వేస్తే పాత వంశమే దిగుతుంది.

అసలు పుంజు తిండి సంగతి మీరు ఎప్పుడైనా గమనించారా? మంచి పుంజు గింజ కనబడితే కొక్కొక్కొ అని పెట్టలను పిలుస్తుంది, అవి తిన్నాక తను తింటుంది. పెట్టలు ఎక్కువ, మేత తక్కువ ఉన్న పెరట్లో అన్నిటికంటే చిక్కిపోయేది పుంజే. చిక్కిన పుంజు తొక్కడం తగ్గిస్తుంది, వీర్యమూ పలుచనవుతుంది. దానికి పొద్దున్నే విడిగా గుప్పెడు జొన్నలో, మొలకెత్తిన పెసలో పెట్టండి.

పెంపకందారు: గమనించాను. మీరు చెప్పగానే ఇంకోటి గుర్తొస్తోంది. గోదావరి జిల్లాల్లో పందెం పుంజుకు బాదం పప్పు, ఖీమా పెట్టి, ఒళ్లు మర్దించి పెంచుతారు. కాలికి తాడు కట్టి పెట్టల దగ్గరకు రానివ్వరు. దాన్ని కన్న పెట్టకు నూకలు కూడా లెక్కపెట్టి వేస్తారు. మేపడం మనవాళ్లకు రాదని కాదు, ఎవరిని మేపాలో అక్కడే పొరపడ్డారు.

పశువైద్యురాలు: నా వాదనంతా అదే కదా పిన్నీ. పెట్టను మేపండి అంటున్నాను.

పెంపకందారు: పెట్టకు ఏం కావాలో పెట్టనే ఏరుకోనివ్వండి అంటున్నాను. గుల్ల సంగతే తీసుకోండి. గుడ్లు పెట్టే పెట్ట పాత సున్నం గోడను గీకుతుంది, నత్తగుల్లలు ఏరుకుంటుంది. ఆల్చిప్పల పొడి గిన్నెలో పోసి మూలన పెడితే గుడ్డు పెట్టే రోజుల్లో తింటుంది, పొదుగులో కూర్చున్నప్పుడు ముట్టదు. పుంజు అసలు పెద్దగా పట్టించుకోదు. మీ లేయర్ దాణా బస్తాలో సున్నం అందరికీ ఒకే పాళ్లలో కలిపి ఉంటుంది.

పశువైద్యురాలు: ఇందులో మీ మాటే గెలిచింది. ఒక్క పెంకులో రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది, ఆ అవసరం పెట్టకు రోజురోజుకూ మారుతుంది. విడిగా పెడితే అది తన కొలత తనే తీసుకుంటుంది. లేయర్ దాణాలో నూటికి మూడున్నర, నాలుగు పాళ్ల కాల్షియం ఉంటుంది. గుడ్డు పెట్టని పుంజు, ఎదిగే పిల్ల నెలల తరబడి అదే తింటే మూత్రపిండాలు దెబ్బతింటాయి. అందరూ కలిసి తినే పెరట్లో ఆ బస్తా తప్పు, గిన్నె ఒప్పు. కానీ కాల్షియానికి ఉన్న ఆ తెలివి ప్రతి విటమిన్‌కూ ఉందనుకోకండి. బి2 తక్కువైందని పెట్ట మజ్జిగ వెతుక్కోదు.

ఇప్పుడు మనం దాటేస్తున్న ప్రశ్న అడుగుతాను. ఈ గుడ్లు ఎవరి కోసం? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి ఏడాదికి 180 గుడ్లని చెబుతూ వచ్చింది. నలుగురున్న ఇంటికి 720. నాటు పెట్టలు 60 చొప్పున పెడితే, ఒక్కటి కూడా అమ్మకుండా, పొదుగు వేయకుండా ఉన్నా 12 పెట్టలు కావాలి. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తయారుచేసిన గ్రామప్రియ రకం కోడి బాగా చూసుకుంటే ఏడాదికి 160 నుంచి 180 పెడుతుంది. నాలుగైదు చాలు. పసిపిల్లల నోటికి గుడ్డు చేరాలంటే ఆ దారి దగ్గర కాదా?

పెంపకందారు: గ్రామప్రియ గుడ్డు పెడుతుంది, పొదగదు. వనరాజా అనే మరో రకమూ అంతే. ఏటా పిల్లల కోసం ఎవరి గుమ్మం ముందో నిలబడాలి. వాటిలో వాటికి పుట్టిన పిల్లలు తల్లిలా పెట్టవు. నాటు పెట్ట ఇచ్చే గుడ్లు తక్కువే, కానీ అది ఏడాదికి మూడుసార్లు తన మందను తనే నిలబెడుతుంది. గద్ద నీడ పడగానే పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంటుంది. ఇక తిండి అంటారా, నాటు గుడ్డుకు ఊళ్లోనే ఫారం గుడ్డుకు రెట్టింపు పైన ధర. ఒకటి అమ్మి రెండు కొనుక్కుంటే మా పిల్లలకు తక్కువేం జరిగింది?

పశువైద్యురాలు: ఆ పద్ధతిని నేను తప్పనను. మాంసకృత్తుల్లో రెండు గుడ్లూ ఒకటే. పుంజు తొక్కిన గుడ్డులో బలం ఎక్కువన్నది కూడా నిజం కాదు. పచ్చసొన ఎర్రగా ఉండటం ఆకుల్లోనూ మొక్కజొన్నలోనూ ఉన్న రంగు వల్ల, అది ఒక్కటే బలానికి గుర్తు కాదు. కానీ ఎండలో తిరిగి, ఆకు తిని, పురుగు తిన్న కోడి గుడ్డులో విటమిన్ డి, ఇ ఎక్కువగా ఉంటాయి. నాలుగు అవిసె గింజలు పడితే ఒమేగా కొవ్వులూ పెరుగుతాయి. పెట్టకు పెట్టిన మంచి మేత పిండానికీ పనికొస్తుంది, పిల్లాడి పళ్లెంలోకీ వస్తుంది. అందుకే అంటున్నాను, మీరు పొదుగు వేసే పన్నెండు గుడ్లూ పిల్లల నోటి నుంచి తీసి పెట్టినవి. అందులో ఆరు మురిగితే అవి కోడిపిల్లలూ కాలేదు, కూరా కాలేదు. ఆ ఆరు గుడ్ల ఖరీదు మీ దాణా లెక్కలో ఎక్కడుంది?

పెంపకందారు: లేదు. ఆ మాట నాకు తగిలింది. మురిగిన గుడ్డును మేం ఎప్పుడూ నష్టం కింద రాసుకోలేదు, దేవుడి కింద రాసుకున్నాం. దొరికిన గుడ్లన్నీ పొదుగులోకి నెట్టడం మానేస్తాను. పుంజు మందలో ఉన్నప్పుడు పెట్టినవి, వారం లోపువి, మరీ చిన్నవీ మరీ పెద్దవీ కానివి, పెంకు నునుపుగా ఉన్నవి పది చాలు. మిగతావి ఇంట్లోకి.

పశువైద్యురాలు: ఏడో రోజు చూసి తేటగా ఉన్నవి తీసేయండి. మిగిలినవాటికి పెట్ట వేడి బాగా అందుతుంది. ఇంకో మాట అడగనా? పిల్లలు దిగాక రెండు మూడు నెలలు పెట్ట వాటి వెంటే తిరుగుతుంది, గుడ్లు పెట్టదు. నెల రోజులకే పిల్లల్ని విడదీసి బల్బు కింద పెంచితే పెట్ట త్వరగా మళ్లీ గుడ్లకు వస్తుంది. ఏడాదికి మరో విడత దొరుకుతుంది.

పెంపకందారు: అది ఒప్పుకోను. కరెంటు పోయిన రాత్రి ఆ పిల్లలు ఏమవుతాయి? తల్లి నేర్పేది బల్బు నేర్పదు. ఏది పురుగో, ఏది ముల్లో, ముంగిస ఎటునుంచి వస్తుందో తల్లి వెంట తిరిగితేనే తెలుస్తుంది. ఒక విడత గుడ్ల కోసం ఒక విడత పిల్లల్ని పోగొట్టుకోను. దాని బదులు మీ బస్తా మాట ఒకటి నేనే ఒప్పుకుంటాను. దిగిన పిల్లలకు మొదటి ఆరు వారాలు కొన్న పిల్లల దాణా పెడతాను, తల్లి దూరని గంప కింద. పిల్ల తినేది కొద్దిగానే, పోయేది ప్రాణం. అక్కడ పెట్టిన రూపాయి తిరిగొస్తుంది.

పశువైద్యురాలు: వారం వయసులో లాసోటా టీకా చుక్కలు కూడా వేయించండి, లేకపోతే ఆ రూపాయి కొక్కెర తెగులు పాలవుతుంది. తల్లి విషయంలో మీ మాట కాదనలేను, ఆరుబయట బతకాల్సిన పిల్లకు అదే బడి. మరి పెట్టకో?

పెంపకందారు: పెట్టకు మూడు వారాలు. తురాయి ఎర్రబడి, పుంజు వెంట తిరుగుతూ, గూడు వెతుక్కునే రోజు మాకు తెలుసు. అప్పటి నుంచి పొదుగుకు కూర్చునేదాకా ములగాకు, మజ్జిగ తేట, ఎండు చేపపొట్టు, సాయంత్రం గుప్పెడు దాణా. ఏడాదంతా మాత్రం పోయను.

పశువైద్యురాలు: పచ్చసొన నిండేది పది రోజుల్లోపే. విటమిన్ల వరకు మీ మూడు వారాలు సరిపోతాయి, అంతవరకు నా పట్టు వదులుకుంటున్నాను. కానీ ఎండాకాలమంతా ఎముకలు తేలిన పెట్ట మూడు వారాల్లో కోలుకోదు. ఒంట్లో నిల్వ లేని పెట్ట చిన్న గుడ్లు పెడుతుంది, పొదుగు మధ్యలో లేచిపోతుంది. వేసవిలో రోజూ ఆ గుప్పెడు పోయాల్సిందేనని నేను ఇప్పటికీ అంటాను.

పెంపకందారు: వేసవిలో గుడ్లు లేని కోడికి కొని పోయలేనని నేను ఇప్పటికీ అంటాను. పైగా చేతిలో ఉన్నది ఒక్కదానికే సరిపోయే డబ్బయితే, దాణాకు కాక పండగ ధరకు అమ్మకుండా మంచి పుంజును ఆపుకోవడానికే వాడతాను. పది పెట్టలు పెట్టే ప్రతి గుడ్డులోనూ సగం వంశం ఆ ఒక్కదానిదే. ఒక్క ప్రాణిని నిలుపుకుంటే మంద అంతటికీ మేలు. పది పెట్టల్ని మేపితే ఆ ఏటికే మేలు, వచ్చే ఏడు మళ్లీ మొదటికే.

పశువైద్యురాలు: నేనైతే ఆ డబ్బు పెట్టల మీదే పెట్టమంటాను. పుంజు ఇచ్చేది బీజం. ఆ తర్వాత 21 రోజుల పాటు పిల్ల తినేదీ తాగేదీ ఎముక కట్టుకునేదీ అంతా పెట్ట ముందే గుడ్డులో సర్ది పెట్టాలి, పెంకు మూసుకున్నాక బయటి నుంచి మనం ఒక్క మెతుకు కూడా అందించలేం. ఎంత మంచి పుంజు వంశమైనా ఆ సరుకు లేకపోతే పెంకు దాటి రాదు.

పెంపకందారు: అయితే ఈ ఏడాది వేసే ప్రతి పొదుగూ లెక్క పెడతాను. ఏడో రోజు తేటగా కనిపించినవి ఎన్ని, ఎర్ర ఉంగరం కట్టినవి ఎన్ని, నిండా పెరిగి చచ్చినవి ఎన్ని, గోడ మీద బొగ్గుతో గీసి ఉంచుతాను. మీరొచ్చి చూడండి. తేటవి ఎక్కువైతే మీరు పుంజు గురించి ఊరూరా చెప్పాలి. లోపల చచ్చినవి ఎక్కువైతే నేను దాణా కొనాలి.

పశువైద్యురాలు: సరే పిన్నీ. రెండూ సమానంగా వస్తే మాత్రం ఎవరి మాట ముందన్నది మనం మళ్లీ మొదటి నుంచి వాదించుకోవాలి, ఎందుకంటే అప్పుడు మీ పెరట్లో రెండు లోపాలూ ఉన్నట్టే.